వాయవ్యపు గాలి వెంట ఒక వేసవి ప్రయాణం

జులై నెలలో కాలిఫోర్నియా నడిమి లోయలో, ఫ్రెస్నో చుట్టుపక్కల, పగటి వేడి సగటున 37 డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడి నుంచి కారులో మూడు గంటలు పడమటికి పోతే వచ్చే మాంటెరేలో అదే రోజుల్లో 20 డిగ్రీలు దాటడమే గగనం. వేసవికని మన ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు ఈ మాట ఓ పట్టాన నమ్మరు. ‘ఎండాకాలం, పైగా సముద్రం, చలేమిటర్రా’ అంటూ నూలు చీరలూ పంచెలూ సర్దుకుని కారెక్కుతారు. శాంటా క్రూజ్‌లో దిగీదిగగానే స్వెట్టర్ అడుగుతారు.

శాన్‌హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు బడి సెలవుల్లో హైవే 1 ప్రయాణం దాదాపు ఆనవాయితీ. శాంటా క్రూజ్, మాంటెరే, బిగ్ సర్, శాన్ సిమియన్ మీదుగా లాస్ ఏంజెలెస్ దాకా, పసిఫిక్‌ను కుడిచేతి పక్కన ఉంచుకుని దక్షిణానికి దిగే దారి అది. దారి పొడుగునా బీచ్‌లు, చూడదగ్గ చోట్లు ఉంటాయి. వాటితోపాటు పిల్లలు పట్టుబట్టి అడిగే ఆట ఒకటి, డిస్క్ గోల్ఫ్. చెట్ల మధ్య నుంచి ప్లాస్టిక్ డిస్క్ విసిరి, దూరంగా గొలుసులు వేలాడే ఇనుప బాస్కెట్‌లో తక్కువ విసుర్లతో పడేయాలి. ఇవన్నీ వేటికవే అనిపిస్తాయి గానీ, ఈ ప్రయాణంలో చాలా వింతలకు మూలం ఒక్కటే: వేసవి పొడుగునా వాయవ్యం నుంచి వీచే గాలి.

వేసవిలో ఉత్తర పసిఫిక్ మీద పెద్ద అధిక పీడన ప్రాంతం తిష్ఠ వేస్తుంది. ఎండకు కాగిన లోపలి నేల మీద పీడనం తక్కువ. ఈ రెండింటి నడుమ గాలి తీరం వెంబడి ఆగ్నేయానికి పరుగెడుతుంది. గాలి ఎటు తోస్తే నీరు అటే పోతుందని మనం అనుకుంటాం. పోదు. భూమి తిరుగుతూ ఉండటం వల్ల ఉత్తరార్ధగోళంలో పైపొర నీరు గాలి దిక్కుకు కుడివైపుగా మళ్లుతుంది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఆర్కిటిక్‌లో మంచు పలకలు ఇలా కుడికి తప్పుకుంటూ కొట్టుకుపోవడం కళ్లారా చూశాడు. స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ 1905లో దానికి లెక్క కట్టాడు. కాలిఫోర్నియా తీరంలో గాలికి కుడివైపు అంటే నడిసముద్రం. అందువల్ల ఒడ్డున ఉన్న పైనీరు లోపలికి జరిగిపోతుంది, ఆ చోటు నింపడానికి లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. విశాఖ తీరంలో మే నెల సముద్రం 29 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే, మాంటెరే అఖాతంలో నడివేసవిలో కూడా 12 నుంచి 15 డిగ్రీలే. కాళ్లు పెట్టిన పిల్లలు కేకలు పెడుతూ ఒడ్డుకు పరుగెత్తేది అందుకే.

పైకొచ్చే నీరు వట్టి చల్లటి నీరు కాదు. అడుగున కుళ్లిన జీవరాశి నుంచి విడుదలైన నైట్రేట్లు, ఫాస్ఫేట్లు అందులో ఉంటాయి. ఎండ తగలగానే కంటికి ఆనని వృక్షప్లవకాలు వాటిని తిని విపరీతంగా పెరుగుతాయి. వాటిని చిన్న రొయ్యల్లాంటి క్రిల్ తింటుంది. క్రిల్ కోసం నీలి తిమింగలాలు, హంప్‌బ్యాక్ తిమింగలాలు వేసవికి సరిగ్గా ఇక్కడికే వస్తాయి. మాంటెరేలో పడవెక్కి తిమింగలాలను చూసేవాళ్లు నిజానికి ఆ గాలి వండి పెట్టిన విందును చూస్తున్నారు.

ఈ విషయంలో మన తీరానికీ ఓ కథ ఉంది. యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త 1950ల్లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. నైరుతి నుంచి గాలి వీచే రోజుల్లో మన తీరంలోనూ పైనీరు లోపలికి జరిగి, అడుగు నీరు పైకి వస్తుందని ఆయనా, ఆయన సహచరులూ కొలిచి చూపారు. బంగాళాఖాతంలో నదుల మంచినీరు తేలికైన పైపొరగా పరచుకుని ఉంటుంది కాబట్టి అది కాలిఫోర్నియాలో సాగినంత జోరుగా ఇక్కడ సాగదు. ఇంకో పోలికా ఉంది. మాంటెరే అఖాతంలో మాస్ లాండింగ్ ఒడ్డుకు ఆనుకునే సముద్రం కింద ఒక మహా లోయ మొదలవుతుంది. దాని అడుగు 3,600 మీటర్లకు పైగా లోతుకు దిగుతుంది. చూడటానికి వచ్చేవాళ్లకు పైన పడవలు, సీ ఆటర్లు తప్ప ఏమీ కనిపించవు. అలాంటి లోయలు మన తూర్పు తీరంలోనూ ఉన్నాయి. లాఫాండ్ 1964లో వాటి గురించి రాస్తూ వాడిన పేర్లు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ. మహాదేవన్ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పిన ఆచార్యుడే. ఆంధ్ర పేరిట సముద్రగర్భంలో ఒక లోయ ఉందన్న సంగతి మన బడి పుస్తకాల్లో ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఇక పొగమంచు. పసిఫిక్ మీంచి తేమతో వచ్చే గాలి ఒడ్డు దగ్గరి చల్లటి నీటి మీదుగా దాటేటప్పుడు చల్లబడి, అందులోని ఆవిరి సన్నని బిందువులుగా మారుతుంది. పైన, అధిక పీడనం వల్ల కిందికి దిగుతూ వేడెక్కిన గాలి మూతగా కూర్చుంటుంది. అందుకే పొగమంచు పైకి పోలేక కొన్ని వందల మీటర్ల మందాన తీరాన్ని కప్పుకుని ఉంటుంది. పొద్దున పది గంటలకు ఏమీ కనిపించడం లేదని బీచ్ నుంచి తిరిగి వెళ్లిపోయేవాళ్లు తొందరపడుతున్నట్టే. ఎండ ముదిరితే చాలా రోజులు మధ్యాహ్నానికి విడిపోతుంది.

ఈ పొగమంచు మీద ఆధారపడి బతికే చెట్లు తీరపు రెడ్‌వుడ్‌లు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన చెట్లు ఇవే. అన్నిటికన్నా పొడవైన చెట్టు ఎత్తు 115 మీటర్ల పైమాట. ఇక్కడ వేసవిలో వాన దాదాపు పడదు. పొగమంచు సూదుల్లాంటి ఆకులకు తగిలి, బొట్లు బొట్లుగా కిందికి రాలుతుంది. కొంత నీటిని ఆకులే నేరుగా పీల్చుకుంటాయి. బర్క్‌లీ శాస్త్రవేత్త టాడ్ డాసన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, తాను పరిశీలించిన రెడ్‌వుడ్ అడవికి ఏడాదిలో అందే నీటిలో సుమారు మూడో వంతు ఇలా పొగమంచు నుంచి వచ్చిందేనని తేలింది. శాంటా క్రూజ్ దగ్గరి హెన్రీ కొవెల్ పార్కులో ఎండవేళ చెట్టు కింద నిలబడ్డా నేల తడిగా తగులుతుంది.

శాంటా క్రూజ్‌లోనే, కొండ మీద, డెలవేగా డిస్క్ గోల్ఫ్ కోర్సు ఉంది. 1984లో మొదలైంది. దాని 27వ హోల్‌కు ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ అని పేరు. కొండకొమ్మున నిలబడి పల్లంలోకి విసరాలి, ఎదురుగా మాంటెరే అఖాతం కనిపిస్తూ ఉంటుంది. అక్కడ కుర్రాళ్లు ఎంతసేపూ అడిగే ప్రశ్న ఒకటే. ‘నాన్నా, నేను నేరుగానే విసిరాను కదా, చివర్లో ఎడమకి ఎందుకు పోయింది?’

జవాబు బొంగరంలో ఉంది. తిరగని బొంగరం నేల మీద నిలవదు. తిరిగే బొంగరాన్ని పక్కకు తోస్తే తోసిన వైపు పడిపోదు, మరోవైపు వాలుతూ చుట్టూ తూలుతుంది. డిస్క్ కూడా అంతే. విసిరే చేతి మణికట్టు విదిలింపుతో అది నిమిషానికి వెయ్యి చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది. దాని బరువులో ఎక్కువ భాగం అంచులో ఉంచేది ఆ తిరుగుడు నిలకడగా సాగడానికే. తిరిగే వస్తువును ఒక చోట తోస్తే, ఆ తోపు ఫలితం తిరిగే దిశలో పావు చుట్టు అవతల కనిపిస్తుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మిగతాదంతా దానంతట అదే వస్తుంది.

కుడిచేతివాటం వాళ్లు ఛాతీ మీదుగా చేయి చాచి విసిరితే, పైనుంచి చూసేవాళ్లకు డిస్క్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. గాలి దాన్ని పైకి మోసే బలం సరిగ్గా మధ్యలో పనిచేయదు. చేతిలోంచి వదిలిన కొత్తలో, వేగం బాగా ఉండి డిస్క్ బల్లపరుపుగా పోతున్నప్పుడు, ఆ బలం మధ్య కంటే కాస్త వెనుక పనిచేస్తుంది. అంటే ముందు భాగాన్ని కిందికి వంచాలని చూస్తుంది. ముందు పడిన ఆ తోపు పావు చుట్టు తిరిగి కుడి అంచును కిందికి దించుతుంది. డిస్క్ కొంచెం కుడికి వాలి అటు పోతుంది. ఆటగాళ్లు దీన్ని టర్న్ అంటారు. వేగం తగ్గాక డిస్క్ కిందికి దిగడం మొదలుపెడుతుంది, గాలి కింది నుంచి ఏటవాలుగా తగులుతుంది. ఇప్పుడు మోసే బలం మధ్య కంటే ముందుకు జరిగి ముందు భాగాన్ని పైకి ఎత్తుతుంది. పావు చుట్టు అవతల కుడి అంచు పైకి లేస్తుంది, డిస్క్ ఎడమకు వాలి నేల చేరుతుంది. దీన్ని ఫేడ్ అంటారు. ఎడమచేతి వాటం వాళ్లకు ఈ కుడి ఎడమలు తారుమారు. పిల్లవాడు నేరుగానే విసిరాడు. చివర్లో ఎడమకు తిప్పింది తగ్గిన వేగం.

డిస్క్ మీద అచ్చేసే నాలుగు అంకెల్లో చివరి రెండూ ఈ టర్న్, ఫేడ్‌లే. మొదటి రెండు స్పీడ్, గ్లైడ్. కొత్తవాళ్లు దుకాణంలో స్పీడ్ అంకె 12, 13 ఉన్నది ఏరుకుంటారు, ఎక్కువ దూరం పోతుందని. ఆ డిస్కులు గట్టి వేగంతో విసిరితేనే వాటి తీరున ఎగురుతాయి. నెమ్మదిగా విసిరితే మొదటి నుంచీ ఫేడ్ దశలోనే ఉండి చెయ్యి వదలగానే ఎడమకు కూలిపోతాయి. పిల్లలకూ పెద్దవాళ్లకూ చేతికి తేలికైన పుట్టర్, మిడ్‌రేంజ్ రకాల డిస్కులు చాలు. సుమారు 150 గ్రాములవి దొరుకుతాయి.

ఇప్పుడు గాలి సంగతి. మోసే బలమైనా, వెనక్కి లాగే బలమైనా గాలికీ డిస్క్‌కూ మధ్య ఉన్న వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటాయి. సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరారనుకోండి. సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలి ఉంటే డిస్క్ దృష్టిలో గాలి వేగం 25. బలాలు 56 శాతం పెరుగుతాయి. అదే గాలి వెనుక నుంచి వస్తే గాలి వేగం 15కు తగ్గి, బలాలు 44 శాతం పడిపోతాయి. అందుకే సముద్రానికి ఎదురుగా విసిరిన డిస్క్ ఎక్కువగా టర్న్ అయి కుడికి తిరగబడుతుంది. గాలితోపాటు విసిరింది తేలకుండా త్వరగా దిగి ఎడమకు పోతుంది. చల్లగాలి వల్ల మరో తేడా ఉంది. 15 డిగ్రీల గాలి 38 డిగ్రీల గాలి కంటే సుమారు 8 శాతం చిక్కన. నడిమి లోయలో సాధన చేసినవాళ్లకు తీరంలో తమ డిస్క్ కొంచెం వేరుగా ఎగురుతున్నట్టు అనిపిస్తే అది భ్రమ కాదు. గాలి అనుకూలిస్తే ఎంత దూరం పోగలదో 2016లో నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ చూపించాడు. బలమైన గాలిలో అతను విసిరిన డిస్క్ 338 మీటర్లు పోయింది.

డెలవేగాలో డిస్క్ పొదల్లో పడితే వెంటనే చెయ్యి పెట్టకండి. అక్కడ పాయిజన్ ఓక్ విరివిగా ఉంటుంది. ఒక్కో కాడకు మూడేసి మెరిసే ఆకులు. దాని జిడ్డు తగిలితే ఒళ్లంతా దురదలు, బొబ్బలు. పేరులో ఓక్ ఉన్నా అది మామిడి, జీడి కుటుంబపు మొక్క. మామిడి సొన తగిలి మూతి చుట్టూ పొక్కినవాళ్లకు, జీడిగింజల పెంకు నూనెతో వేళ్లు కాలినవాళ్లకు ఆ బాధ కొత్త కాదు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి రసంలో ఉన్నదీ ఆ జాతి రసాయనమే. తగిలిన వెంటనే సబ్బుతో, నీళ్లతో కడిగేయాలి. డిస్క్‌నూ కడగాలి. ఆ జిడ్డు దాని మీద ఉండిపోయి మరొకరి చేతికి అంటుకుంటుంది.

మాంటెరే దాటాక బిగ్ సర్. 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు. నేను మాత్రం ఫైఫర్ బీచ్‌లో ఇంకాసేపు ఆగమంటాను. అక్కడి ఇసుకలో ఊదారంగు చారలు ఉంటాయి. గుప్పెడు తీసుకుని భూతద్దం కింద చూస్తే, అద్దపు ముక్కల్లాంటి క్వార్ట్జ్ గింజల మధ్య గులాబీ, ఊదా గింజలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. వెనుక కొండల రాళ్లలో పుట్టి, వాగులో కొట్టుకొచ్చాయి. క్వార్ట్జ్ సాంద్రత నీటికి 2.65 రెట్లు, గార్నెట్‌ది సుమారు 4 రెట్లు. అల వెనక్కి పోతూ తేలిక గింజలను ఈడ్చుకుపోతుంది, బరువైనవి మిగిలి చారలు కడతాయి. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన ఇసుకలో కనిపించే ఎర్రటి, నల్లటి చారలకూ కారణం ఇదే. అక్కడ గార్నెట్ తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్ల నుంచి వస్తుంది. రెండు చోట్లా చూసి, అక్కడే వదిలిరావాలి.

బిగ్ సర్ కొండలు సముద్రంలోంచి నిటారుగా లేస్తాయి. ఒడ్డుకు 5 కిలోమీటర్లలోపే కోన్ పీక్ 1,570 మీటర్ల ఎత్తు. రాయి నలిగి బలహీనమైంది, అడుగు అలల కోతకు గురవుతోంది. 2017 మే 20న మడ్ క్రీక్ దగ్గర కొండచరియ జారి రోడ్డును పూడ్చేసింది. కరవు ఏళ్ల తర్వాత కురిసిన భారీ వానలు కొండలోకి ఇంకి, రాళ్ల మధ్య నీటి ఒత్తిడి పెరగడమే కారణం. అక్కడ మళ్లీ రోడ్డు తెరిచేసరికి 2018 జులై వచ్చింది. ఉపగ్రహ రాడార్ చిత్రాలను తిరగేసి చూస్తే, ఆ కొండ అంతకు ముందు కొన్నేళ్లుగా నెమ్మదిగా జారుతూనే ఉందని తేలింది. హైవే 1 ఏదో ఒక చోట మూతపడటం మామూలే కాబట్టి, బయల్దేరే ముందు అక్కడి రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ వాళ్ల రోడ్డు సమాచారం చూసుకోవాల్సిందే.

శాన్ సిమియన్ దగ్గర పియెద్రాస్ బ్లాంకాస్‌లో జులైలో వెళ్తే మగ ఏనుగు సీళ్లు పాత చర్మం ఊడ్చుకుంటూ ఇసుక మీద పడుకుని ఉంటాయి. ఒక్కోటి రెండు టన్నుల దాకా తూగుతుంది. రోడ్డు పక్కనే చూడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

దక్షిణానికి దిగేకొద్దీ నీరు కాస్త వెచ్చబడి, పిల్లలు నడుం లోతు దాకా దిగుతారు. భయపడాల్సింది అక్కడే. ఒడ్డుకు చేరిన అలల నీరు ఏదో ఒక సన్నని దారిన గుంపుగా వెనక్కి పోతుంది. అది రిప్ కరెంట్. అలలు విరగకుండా ప్రశాంతంగా, రంగు ముదురుగా, నురగ లోపలికి పోతూ కనిపించే చోటే అది ఉంటుంది. చూడటానికి నిమ్మళంగా ఉంది కదా అని జనం అక్కడే దిగుతారు. దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటవచ్చు, ఆరితేరిన ఈతగాడు కూడా ఎదురీదలేడు. అందులో చిక్కితే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, ఆ ధార దాటాక వెనక్కి రావాలి. విశాఖ ఆర్కే బీచ్‌లోనూ ఇదే ప్రమాదం, ఇదే ఉపాయం.

శాంటా మోనికా బీచ్‌కు చేరితే ఎగిరే డిస్క్ పుట్టింటికి వచ్చినట్టే. ఫ్రెడ్ మోరిసన్, తర్వాత అతని భార్య అయిన యువతి 1930ల చివర్లో అక్కడ కేకు పళ్లెం విసురుకుంటుంటే, ఒకాయన ఐదు సెంట్ల పళ్లానికి పాతిక సెంట్లు ఇస్తానన్నాడట. మోరిసన్ తర్వాత ప్లాస్టిక్ డిస్క్ తయారుచేసి, 1957లో వామ్-ఓ కంపెనీకి హక్కులు అమ్మాడు. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ దాని పై భాగాన వలయాలుగా గట్లు పెట్టించి, ఎగరడంలో నిలకడ తెచ్చాడు. 1967లో పేటెంటు వచ్చింది. గొలుసుల బాస్కెట్ కూడా ఆయన సృష్టే. 1983లో డేవ్ డునిపేస్ అనే ఆయన డిస్క్ అంచును గాలిని కోసేలా చెక్కాకే డిస్క్ గోల్ఫ్‌కు అసలు దూరం వచ్చింది.

హెడ్రిక్ 1975లో వేసిన మొదటి శాశ్వత కోర్సు పాసడీనా పక్కన ఓక్ గ్రోవ్‌లో ఉంది. ఆ పార్కును ఆనుకునే నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ (జేపీఎల్). 1936లో కాల్టెక్ విద్యార్థులు తొలి రాకెట్ పరీక్షలు చేసింది ఇక్కడి వాగులోనే. సముద్రం మీద గాలిని కొలిచే క్విక్‌స్కాట్ ఉపగ్రహాన్ని 1999 నుంచి నడిపింది జేపీఎల్ సంస్థే. దాని కొలతలు 2009లో ఆగిపోయాక ఆ పనిని అందుకున్న ఉపగ్రహాల్లో మన ఓషన్‌శాట్-2 ఒకటి. అది శ్రీహరికోట నుంచే ఎగిరింది. జేపీఎల్, ఇస్రో కలిసి తయారుచేసిన నైసార్ కూడా 2025 జులై 30న అక్కడి నుంచే బయల్దేరింది. 12 మీటర్ల వెడల్పు యాంటెన్నాతో, రెండు రాడార్లతో అది 12 రోజుల్లో రెండుసార్లు భూమ్మీద దాదాపు ప్రతి చోటునూ చూస్తుంది. నేల సెంటీమీటరంత కదిలినా పసిగడుతుంది. మడ్ క్రీక్‌లా నెమ్మదిగా జారే కొండలను ముందే కనిపెట్టడం దాని పనుల్లో ఒకటి.

జేపీఎల్ లోపలికి వెళ్లాలంటే చాలా ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పక్కనే ఉన్న ఓక్ గ్రోవ్ తెరిచి ఉందో లేదో ఆ ఉదయం కనుక్కుని వెళ్లండి. డిస్క్ వెనుక పేరూ ఫోన్ నంబరూ రాయడం మరవకండి. దొరికినవాళ్లు ఫోన్ చేసి తిరిగి ఇవ్వడం ఈ ఆటలో మర్యాద.